జంషెడ్‌జీ టాటా - నాగపురపు మిల్లు పెత్తనము

విదర్భలో స్థిరపడిన తెలుగువారికి ఎంప్రెసు మిల్లు పేరు క్రొత్తది కాదు. కోయంబత్తూరు, బెంగుళూరు, బరంపురము, యానాము మొదలగు చోట్ల ఈ సంచికను చదువు సోదరులలో పలువురు ఆ పేరు విని యుండకపోవచ్చును. నాగపురములో 1877వ సంవత్సరమున వెలసి, నూరేండ్లకు పైగా నూలు వడకి బట్ట నేసిన ఆ మిల్లు, టాటావారి పారిశ్రామిక చరిత్రలో మొదటి పెద్ద మెట్టు. తెలుగువారి సంచికలో ఒక పారసీ వర్తకుని కథ యేల యని కొందరడుగవచ్చును. మన కుటుంబములలో చాల భాగము ఉద్యోగము కొరకో, వర్తకము కొరకో తావు మారినవే. గుడ్డల అంగడి, కిరాణా, ఫలహారశాల, కంట్రాక్టు పని - ఇట్లు చిన్నగా మొదలుపెట్టి పెద్దయైనవారు మనలో గలరు. పెద్దయై, రెండవ తరముననే మూతపడిన అంగళ్ళును గలవు. ఏల పెరిగినవి, ఏల మూతపడినవి అను ప్రశ్నకు నాగపురములో ఆయన చేసిన పనిలో కొంత సమాధానము దొరకునని మా నమ్మకము. అదియునుగాక, జంషెడ్‌జీ తలపెట్టిన కార్యములు నాగపురము, బెంగుళూరు, ఒడిశాలోని మయూరభంజము - ఇట్లు మనవారు కాపురములున్న సీమలనే చుట్టి వచ్చినవి.

జంషెడ్‌జీ నస్సర్వాన్‌జీ టాటా 1839 మార్చి 3వ తేదీన గుజరాతులోని నవసారిలో జన్మించెను. వారిది పారసీ అర్చకుల వంశము. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదువు ముగించి, తండ్రి వర్తకములో చేరి, పిమ్మట 1868లో 21,000 రూపాయల మూలధనముతో స్వంత వ్యాపారము పెట్టెను. మరుసటి యేడు చించ్‌పోక్లీలో దివాలా తీసిన ఒక నూనెమిల్లును కొని, నూలుమిల్లుగా మార్చి, రెండేండ్లు నడిపి లాభమునకు అమ్మివేసెను. అంతటితో తృప్తి చెందియుండినచో బొంబాయి ధనికులలో ఒకడుగా మిగిలియుండెడివాడు. ఆయన ఆ డబ్బు ఇంట దాచుకొనక లాంకషైరునకు పోయి, అచ్చటి మిల్లులలో పని జరుగు తీరును స్వయముగా చూచి వచ్చెను.

ఆ దినములలో మిల్లు అనగా బొంబాయియే. రేవు అచ్చట, షాహుకార్లు అచ్చట, యంత్రములు దిగునది అచ్చట. జంషెడ్‌జీ మాత్రము వేరొక లెక్క వేసెను. పత్తి పండునది బేరారు, నాగపురము ప్రాంతములలో. ఆ పత్తిని బొంబాయికి మోసికొని పోయి, నూలు వడకి, ఆ నూలునే మరల మధ్యపరగణాల సంతలకు తెచ్చి అమ్ముట యెందుకు? రైలు 1867 నాటికే నాగపురము చేరినది. వరోరాలో బొగ్గు దొరకుచున్నది. బట్ట కొనువారు చుట్టుప్రక్కలనే యున్నారు. కావున మిల్లునే పత్తి దగ్గరకు తీసికొనిపోవలెనని నిశ్చయించెను. 1874లో పదునైదు లక్షల రూపాయల మూలధనముతో సెంట్రల్ ఇండియా స్పిన్నింగ్, వీవింగ్ అండ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ ఏర్పడెను.

మిల్లుకు ఎన్నుకొన్న స్థలము జుమ్మా తలావు ప్రక్కనున్న బురదనేల. ఆ చెరువునే ఇప్పుడు గాంధీసాగరమందురు. పల్లములో బండ్లకొద్ది మన్ను పోయించి మెరక చేయింపవలసివచ్చెను. ఒక మార్వాడీ షాహుకారును అప్పడుగగా, భూమిలో బంగారము పూడ్చు పనికి తాను డబ్బియ్యనని చెప్పినట్లును, మిల్లు లాభములు తీయనారంభించిన తరువాత ఆయనయే వచ్చి, ఈతడు మన్ను పోసి బంగారము తీసినాడని ఒప్పుకొన్నట్లును చెప్పుదురు. జంషెడ్‌జీ చరిత్ర వ్రాసిన ప్రతివారును ఈ కథను విడువలేదు. కథలో ఉప్పుకారము ఎంత కలిసినదో గాని, బొంబాయి వర్తకులు ఆనాడు ఈ పనిని పిచ్చిగా ఎంచిరనుట మాత్రము వాస్తవము.

1877 జనవరి 1వ తేదీన విక్టోరియా రాణి భారత చక్రవర్తినిగా ప్రకటింపబడెను. ఆ దినముననే మిల్లు ప్రారంభమగుటచే దానికి ఎంప్రెసు మిల్లని పేరిడిరి. సుమారు 30,000 కదుళ్ళు, 450 మగ్గములు. ఆ కాలమునకు అది చిన్న పని కాదు.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచినది ఆయన ఆ మిల్లును ఎవరిచేతిలో పెట్టెనను విషయము. మిల్లున్నది నాగపురములో. జంషెడ్‌జీ ఇల్లు, తక్కిన వర్తకము బొంబాయిలో. నడుమ అయిదువందల మైళ్ళకు పైబడిన రైలు దారి. యంత్రముల పని చూచుటకు లాంకషైరునుండి జేమ్సు బ్రూక్స్‌బీ అను నిపుణుని రప్పించెను. మిల్లు మొత్తమునకు మేనేజరుగా బెజన్‌జీ దాదాభాయి మెహతాను నియమించెను. ఈ బెజన్‌జీ అంతకు మునుపు గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో గూడ్సు విభాగపు ఉద్యోగి. నూలు సంగతి, మగ్గము సంగతి ఆయనకు తెలియదు. పదునైదు లక్షల పెట్టుబడి గల మిల్లును మిల్లుపని యెరుగని రైల్వే ఉద్యోగి చేతికిచ్చుట చూచి నవ్వినవారు లేకపోలేదు.

మేమును రైల్వే గూడ్సు ఆఫీసు బల్లముందు ముప్పదియేండ్లు గడపినవారము. కావున ఈ నియామకమును గూర్చి ఒక్కమాట చెప్పు చనువు తీసికొనుచున్నాము. గూడ్సు ఆఫీసులో పని చేయువానికి సరుకు లోపలి గుణము తెలియనక్కరలేదు. అది ఎచ్చటినుండి వచ్చినది, ఎచ్చటికి పోవలెను, ఎంత తూగినది, ఎన్నాళ్ళు నిలిచినది, వ్యాగను ఖాళీగా పడియుండినచో ఎవరు నష్టపోవుదురు - ఈ లెక్క ఎల్లప్పుడును మనసులో తిరుగుచుండవలెను. వందలమంది హమాలీలతోను, బండివాండ్రతోను, తొందరపడు వర్తకులతోను ప్రతిదినము మాటలాడి, తగవు పెరుగకుండ పని జరిపింపవలెను. మిల్లును ఒక మేనేజరు కంటితో చూచినచో అదియును ఇంతే గదా! పత్తి లోనికి, బొగ్గు లోనికి, నూలును బట్టయు బయటకు. నడుమ వేలకొలది మనుష్యులు. యంత్రము తెలిసిన బ్రూక్స్‌బీ ప్రక్కనే యున్నాడు. రెండవ బ్రూక్స్‌బీతో జంషెడ్‌జీకి పనిలేదు. మనుష్యులను, కాలమును, సరుకును నడుపగలవాడు కావలెను. అట్టివానిని రైల్వేలో కనిపెట్టి తెచ్చెను.

తెచ్చిన తరువాత ఆయనను పని చేయనిచ్చెను. ఇది మరింత అరుదు. మనలో గుమాస్తాను పెట్టుకొననివారు లేరు, గుమాస్తా చేయు పనిలో గడియకొకసారి వేలు పెట్టనివారును లేరు. నాగపురములో దినదినము జరుగు వ్యవహారమంతయు బెజన్‌జీది. క్రొత్త యంత్రములు కొనుట, మిల్లును పెంచుట, పనివారి విషయమున కంపెనీ ఏ దారి నడువవలెననుట - ఇట్టి పెద్ద సంగతులలో జంషెడ్‌జీ ఆలోచన ముందు నడచినది. తక్కినదానికి బొంబాయినుండి ప్రతి దినము ఉత్తరువు రానక్కరలేదు.

ఇచ్చట మన ఇండ్ల సంగతి కొంచెము ముచ్చటింపక తప్పదు. విదర్భలోని ఒక పట్టణమున తెలుగువారి గుడ్డల అంగడి యొకటి మా యెరుకలో నుండెడిది. ఊరును పేరును చెప్పుట మర్యాద కాదు. పెద్దాయన ఒంటిచేత్తో పెంచిన అంగడి. ఇనుపపెట్టె తాళపుచెవి ఆయన మొలలోనే యుండెడిది. కుమారులిద్దరకును తల నెరసినది. అయినను గిరాకీదారు ధరలో రెండు రూపాయలు తగ్గింపుమన్నచో "నాన్నగారిని అడిగి చెప్పెదము" అనెడివారు. ముప్పది యేండ్లు నమ్మకముగా పనిచేసిన మరాఠీ గుమాస్తాకు పల్లెల గిరాకీ అంతయు కరతలామలకము. పండుగనాడు తక్కిన పనివారికి బట్టలు పెట్టుచు, మనవాడు కాడను భేదముచే అతనికి తక్కువరకము పెట్టెడివారని విన్నాము. అతడొకనాడు మానివేసి యెదుటి వరుసలో చిన్న కొట్టు తెరచెను. పల్లెల గిరాకీ అతనివెంట పోయినది. పెద్దాయన పక్షవాతముతో మంచముపట్టునప్పటికి సూరతు, ఇచల్‌కరంజి వ్యాపారులకు ఎవరికెంత బాకీయో, ఎవరితో ఏ మాట యున్నదో కుమారులకు తెలియదు. రెండేండ్లు తిరుగకుండ అంగడి తలుపులు మూసిరి. పెద్దాయన లోభి కాడు, దుర్మార్గుడు కాడు. ఎవరికైనను పని నేర్పుటకు ఆయనకు తీరిక చిక్కలేదు. అన్నియు తానే చేయుచుండగా తీరిక యెట్లు చిక్కును?

నాగపురములోను మొదట అన్నియు చక్కగా జరుగలేదు. మిల్లు తెరచిన 1877వ సంవత్సరముననే కూలిరేట్ల విషయమై పనివారు సమ్మె చేసిరి. మనదేశపు కార్మిక చరిత్రలలో మొదట నమోదైన మిల్లు సమ్మె ఇదియే యని వ్రాయుదురు. టాటావారిని పొగడు పుస్తకములు ఈ సంగతిని మెల్లగా దాటిపోవుటయు గలదు. చరిత్ర వ్రాయునప్పుడు దాటిపోరాదు. ఆనాటి మిల్లులలో సూర్యోదయమునుండి సూర్యాస్తమయము వరకు పని. 1881లో వచ్చిన మొదటి ఫ్యాక్టరీ చట్టము చిన్నపిల్లలను గూర్చి మాత్రమే పలికినది. పెద్దవారైన మగవారి పనిగంటలకు చట్టము హద్దు పెట్టుటకు 1911 వరకు పట్టినది. ఎంప్రెసు మిల్లు అందరికన్న మెరుగని చెప్పవచ్చును గాని, అచ్చట పని సుఖమని చెప్పుటకు వీలులేదు.

సమ్మెకన్న నిత్యముగా బాధించినది హాజరు. ఏ దినమున చూచినను నూటికి ఇరువదిమంది వరకు పనికి రాకుండిరి. నాగపురము కూలీలు బొంబాయివారివలె మిల్లునే నమ్ముకొని ఊరు విడిచి వచ్చినవారు కారు. పొలము పనులు వచ్చినను, ఇంట పెండ్లి వచ్చినను, చేతిలో నాలుగు డబ్బులు నిలిచినను మిల్లు మానుదురు. అనేక మిల్లులలో దీనికి మందు జరిమానా. లేదా మేస్త్రీ బెత్తము. జంషెడ్‌జీయు, బెజన్‌జీయు వేరు మార్గము పట్టిరి. పనివాడు రాకపోవుటకు సోమరితనము ఒక్కటే కారణమని వారు తలపలేదు. పనిచేయు చోటు ఊపిరియాడునట్లు లేదు. వృద్ధాప్యమునకు భద్రత లేదు. చెయ్యి విరిగినచో ఇంటికి పోవలసినదే. అట్టి చోటిని అంటిపెట్టుకొని యుండుమనుట యెట్లు?

కావున మిల్లులో గాలి వచ్చుపోవు ఏర్పాట్లు చేయించిరి. గాలిలో తేమ నిలుపు యంత్రములు పెట్టించిరి. తేమ వలన దారము తెగుట తగ్గును, మనిషికి ధూళియు తగ్గును. అగ్నిప్రమాదము వచ్చినచో పైకప్పునుండి తమంత తామే నీరు చల్లు గొట్టములు అమర్చిరి. 1886లో పనివారికి పింఛను నిధి ఏర్పరచిరి. 1895నుండి పనిలో గాయపడినవారికి నష్టపరిహార మిచ్చుట మొదలుపెట్టిరి. ప్రమాదములకు పరిహార మియ్యవలెనని మన దేశములో చట్టము వచ్చినది 1923లో. అనగా ఇరువది యెనిమిదేండ్లు గడచిన పిదప. ప్రావిడెంటు ఫండు చట్టము 1952లో వచ్చినది. ఉద్యోగము విరమించి పింఛనుమీద బ్రదుకు మావంటివారికి 1886 అను అంకె చూచినప్పుడు కలుగు భావము వేరు. పింఛను ఇయ్యవలెనని యజమానిని నిర్బంధించు శాసన మొక్కటియు లేని కాలమున, నాగపురము కోష్టీలకును, కూలీలకును ఆ మాట పుట్టినది.

దీనిని దయ యని కొందరందురు. జంషెడ్‌జీ స్వయముగా అట్లనుకొన్నట్లు లేదు. పనివారి ఆరోగ్యము, క్షేమము వ్యాపారమునకు పునాదియని ఆయన తలంపు. దానధర్మముల పద్దులో వ్రాయువాడు నష్టము వచ్చినయేడు ఆ పద్దు కొట్టివేయును, పునాదియనుకొనినవాడు కొట్టివేయలేడు. ఈ భేదమును మన అంగళ్ళవారు గమనింపవలెనని మా మనవి.

యంత్రముల విషయమున ఆయన సాహసము 1883లో కనబడినది. అప్పటి మిల్లులలో నూలు వడకుటకు త్రాసిలు, మ్యూలు అను రెండు విధముల కదుళ్ళు వాడుకలో నుండెను. అమెరికాలో రింగు కదురు అను క్రొత్త విధము బయలుదేరినది. వేగము హెచ్చు, నేర్చుకొనుట సులభము. లాంకషైరులోని పెద్ద యంత్రకర్తలు ఇంకను తల ఆడించుచునే యుండిరి. జంషెడ్‌జీ వారికొరకు వేచియుండక నాగపురములో రింగు కదుళ్ళను పెట్టించి పరీక్ష చేయించెను. పరీక్ష జరిపినవారు నాగపురములోని ఆయన మనుష్యులే. ఫలితము చూచి మిల్లునంతటిని క్రమముగా ఆ దారికి మరల్చిరి. మాంచెస్టరు సందేహించుచుండగా నాగపురము ముందుకు నడచుట, ఆ కాలపు భారతదేశములో సామాన్య విషయము కాదు.

అప్పగించిన పెత్తనము ఎంత గట్టిదో తేలినది 1886లో. కుర్లాలో ధరంసీ మిల్లు అను పెద్ద మిల్లు చెడిపోయి వేలమునకు వచ్చెను. కట్టుటకు అంతకు నాలుగురెట్లు వ్యయమైన మిల్లు పన్నెండున్నర లక్షలకే దొరకినదని జంషెడ్‌జీ దానిని కొని స్వదేశీ మిల్లు అని పేరు పెట్టెను. తీరా చూడగా యంత్రములు తుప్పు, అచ్చటి నూలు చీనా బేరగాండ్రకు నచ్చలేదు, వాటాల ధర పడిపోయినది, బ్యాంకు అప్పీయనన్నది. ఆయన తన ఎంప్రెసు వాటాలు కొన్ని అమ్మి, ఆ ధనము స్వదేశీలో పోసెను. నాగపురమునుండి పని తెలిసినవారిని రప్పించి చెడిన యంత్రములు సరిచేయించెను. కొన్ని సంవత్సరములకు స్వదేశీ నిలద్రొక్కుకొన్నది. ఈ ఘట్టమున మనము చూడవలసినది వేరొకటి యున్నది. యజమాని కుర్లాలో తలమునకలై యుండిన ఆ సంవత్సరములలో నాగపురపు మిల్లు ఆగలేదు. పింఛను నిధి ఏర్పడినది ఆ 1886లోనే! నాగపురము కూడ ఆయన ఒక్కని చూపుమీదనే ఆధారపడియుండినచో రెండును మునిగెడివి.

నాగపురము బరువు తలమీద లేకపోవుటచేతనే ఆయనకు దూరపు విషయములు ఆలోచించు వెసులుబాటు కలిగినది. 1882లో ఫాన్ ష్వార్ట్జ్ అను జర్మను భూగర్భ శాస్త్రజ్ఞుడు చాందా జిల్లాలోని ఇనుప ఖనిజమును గూర్చి వ్రాసిన నివేదిక ఆయన కంటబడెను. చాందా జిల్లా యనగా మనకు పరాయిది కాదు. ప్రాణహిత, గోదావరి సంగమము దగ్గర నున్న సిరొంచ ఆనాడు ఆ జిల్లాలోనిదే. ఇప్పుడు గడ్చిరోలి జిల్లాలో చేరినది. అచ్చటి ఊళ్ళలో నేటికిని తెలుగు వినబడును. లోహారా వద్ద ఇనుము, వరోరా వద్ద బొగ్గు - రెండును కలిపి ఉక్కు చేయవచ్చునా యని జంషెడ్‌జీ అప్పటినుండి ఆలోచించెను. వరోరా బొగ్గు ఆ పనికి చాలదని తేలినది. ప్రభుత్వపు షరతులును అనుకూలముగా లేవు. తలంపు మాత్రము పోలేదు. ఇరువదియేండ్లు ఆయన వెంటనే నడచినది.

పెద్దకుమారుడు దొరాబ్‌జీని 1884లో వర్తకములో చేర్చుకొన్నప్పుడు బొంబాయి గద్దెమీద కూర్చుండబెట్టలేదు. నూలుమిల్లు పెట్టిన లాభమగునా కాదా చూచి రమ్మని మొదట ఫ్రెంచివారి పుదుచ్చేరికి పంపెను. యానామువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవచ్చును. పిమ్మట నాగపురము పంపి, ఎంప్రెసు మిల్లులో పని నేర్చుకొమ్మనెను. వారసుడు నౌకరులవద్ద పని నేర్చుట! మన యిండ్లలో దీనికి ఎందరు ఒప్పుకొందురో!

విజ్ఞానపీఠమొకటి స్థాపించు తలంపుతో 1898లో ముప్పది లక్షల రూపాయల విలువగల తన ఆస్తిని ఇచ్చుటకు ముందుకు వచ్చెను. అందులకు ముందే బుర్జోర్‌జీ పాద్‌షా అను విద్వాంసుని విదేశములకు పంపి, అచ్చటి విశ్వవిద్యాలయములు ఎట్లు నడచుచున్నవో తెలిసికొని రమ్మనెను. ఆ పీఠమే మైసూరు సంస్థానము ఇచ్చిన భూమిలో బెంగుళూరునందు 1909లో ఏర్పడి, 1911లో విద్యార్థులను చేర్చుకొన్నది. నేటికిని అచ్చటివారు దానిని టాటా ఇన్‌స్టిట్యూట్ అనియే పిలుచుదురు. ఉక్కు విషయమున 1902లో అమెరికా వెళ్ళి చార్లెసు పేజి పెరిన్ అను ఇంజనీరును ఒప్పించెను. మయూరభంజ సంస్థానములో పనిచేయుచుండిన ప్రమథనాథ బోసు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు, గోరుమహిసాని కొండలలో మేలైన ఇనుప ఖనిజము కలదని 1904 ఫిబ్రవరి 24వ తేదీన వ్రాసెను. మూడు మాసములైనను నిండకుండ, అదే సంవత్సరము మే 19న జంషెడ్‌జీ జర్మనీలో పరమపదించెను.

ఉక్కు కర్మాగారమును గాని, బెంగుళూరు పీఠమును గాని ఆయన కన్నులార చూడలేదు. అయినను రెండును జరిగినవి. దొరాబ్‌జీ, పాద్‌షా, పెరిన్ - ఎవరి పని వారెరిగియే యుండిరి. 1907 ఆగస్టులో ఉక్కు కంపెనీ రిజిష్టరయ్యెను. ఆ డబ్బు లండనులో దొరకకపోగా మనదేశములోనే వాటాలు అమ్మకమునకు పెట్టిరి. మూడు వారములలో సుమారు 8,000 మంది భారతీయులు కావలసిన మూలధనమంతయు సమకూర్చిరి. నాగపురములో ఒక షాహుకారు వెనుదీసిన దినమునకును, ఈ దినమునకును నడుమ ముప్పది యేండ్ల యెడము. 1912 ఫిబ్రవరిలో సాక్చీలో మొదటి ఉక్కు పోతపోసిరి. ఎనిమిది గంటల పనిదినము అచ్చట ఆ సంవత్సరమే అమలులోనికి వచ్చినది. చట్టము 1948లో వచ్చినది. 1919లో సాక్చీకి జంషెడ్‌పురమని పేరు పెట్టిరి. ఆ ఊరెట్లుండవలెనో జంషెడ్‌జీ కుమారునకు 1902లోనే వ్రాసి యుండెను: వెడల్పైన వీథులు, నీడనిచ్చు చెట్లు, ఆటస్థలములు, అన్ని మతములవారి ఆలయములకు తావు. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి మనవారెందరో ఆ ఊరికి పనికొరకు పోయి, అచ్చటనే తరతరములుగా కాపురములున్నారు. అచ్చటి తెలుగు బడులు, రామమందిరములు ఎరుగనివారు మన సంఘములలో కొద్దిమందియే యుందురు.

ఎంప్రెసు మిల్లు కథ ఇంత సంతోషకరముగా ముగియలేదు. నూలుమిల్లులకు గడ్డుకాలము వచ్చినది, విద్యుత్ మగ్గముల పోటీ పెరిగినది, యంత్రములు పాతబడినవి. 1986లో మిల్లు టాటావారి చేతినుండి పోయి మహారాష్ట్ర ప్రభుత్వ వస్త్ర సంస్థ చేతికి వచ్చినది. 2002లో పూర్తిగా ఆగిపోయినది. ఆ స్థలములో ఇప్పుడొక పెద్ద అంగళ్ళ భవనము లేచియున్నది. మొదటి మిల్లులో అంత ముందుచూపు చూపిన వంశమువారి సంస్థయే చివరకు దానిని ఏల నిలుపుకొనలేకపోయెనని అడుగువారున్నారు. న్యాయమైన ప్రశ్నయే. బొంబాయిలోను, అహమ్మదాబాదులోను మిల్లులు అదే దారి పట్టినవని చెప్పి తప్పించుకొనవచ్చును గాని, పని పోయిన కుటుంబములకు అది సమాధానము కాదు. మా మట్టుకు మాకు తోచునది యేమనగా, తొలి ఇరువదియేండ్లలో రింగు కదుళ్ళ విషయమున చూపిన చొరవ చివరి ఇరువదియేండ్లలో కనబడలేదు.

మన సంఘమువారికి మేము చేయు విన్నపమొకటి మిగిలినది. వచ్చు సంచికలో మన కుటుంబముల అంగళ్ళ చరిత్రలు వేయవలెనని కార్యవర్గమువారు తలచుచున్నారు. స్థాపించిన పెద్దల పటములు, ప్రారంభోత్సవపు తేదీలు అందరును పంపుదురు. వానితోపాటు పాత భాగస్వామ్య పత్రములు, గుమాస్తాల పేర్లు, వారెన్నేండ్లు పనిచేసిరో, ఎవరెవరికి ఏ పని అప్పగింపబడెనో తెలుపు దస్త్రములున్నచో వెదకి పంపగలందులకు ప్రార్థన. చెదలు తినకముందే వానిని నకలు తీయించుటకు మేమును మరిద్దరు విశ్రాంత ఉద్యోగులును సిద్ధముగా నున్నాము.